ఎలక్ట్రోలైజర్లు కొంటారు సరే, ఎలక్ట్రోడ్లను పరీక్షించేదెవరు?

ఆంధ్రప్రదేశ్ ఇంధన శాఖ ఉన్నతాధికారులకు, రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ నెడ్‌క్యాప్ యాజమాన్యానికి, పూడిమడక హైడ్రోజన్ హబ్‌ను కడుతున్నవారికి నమస్కారం.

పూడిమడక గురించి మీకు వినతిపత్రాలు కొత్త కాదు. భూముల సంగతి రాసేవారుంటారు, చేపల వేట మీద బతికేవారుంటారు, ఉద్యోగాల కోసం చూస్తున్న అచ్యుతాపురం కుర్రవాళ్లుంటారు. వాళ్లు రాయాలి కూడా. వాటి పక్కన పెడితే నేను అడిగేది చాలా చిన్నది. విశాఖ పరిసరాల్లో ఒక షెడ్డు. అందులో రాత్రీ పగలూ ఆగని కరెంటు. వేల గంటలు నడిపి చూడటానికి కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసే చిన్న ఎలక్ట్రోలైజర్ సెల్లు కొన్ని డజన్లు. ఫలితం మంచిదైనా చెడ్డదైనా అందరికీ చూపించాలన్న షరతు. ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికే మిగతా లేఖంతా.

నేను విశాఖలో రసాయన శాస్త్రం చెబుతాను. నీటి నుంచి హైడ్రోజన్ తీసే విద్యుత్ ఉత్ప్రేరకాల మీద పరిశోధన చేస్తాను, విద్యార్థుల చేత చేయిస్తాను. నీళ్లలో రెండు ఎలక్ట్రోడ్లు పెట్టి కరెంటు ఇస్తే ఒకవైపు హైడ్రోజన్, ఇంకోవైపు ఆక్సిజన్ వస్తాయని పదో తరగతి పిల్లలకూ తెలుసు. ఎంత కరెంటుకు ఎంత హైడ్రోజన్ వస్తుందన్న దగ్గరే అసలు కథ మొదలవుతుంది. ఆ కథంతా ఎలక్ట్రోడ్ మీద, కంటికి కనిపించనంత పలచని పొరలో జరుగుతుంది.

ముందు లెక్క చూద్దాం. 2025 జనవరి 8న విశాఖలో ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిన పూడిమడక ప్రాజెక్టు అంచనా దాదాపు 1,85,000 కోట్ల రూపాయలు. 20 గిగావాట్ల పునరుత్పాదక విద్యుత్తు మీద పెట్టుబడి కూడా ఇందులోనే ఉంది. రోజుకు 1,500 టన్నుల గ్రీన్ హైడ్రోజన్, దాంతోపాటు మెథనాల్, యూరియా, విమాన ఇంధనం వంటి ఉత్పన్నాలు 7,500 టన్నులు తీయాలన్నది లక్ష్యం. నీటిని విడగొట్టడానికి సిద్ధాంతం ప్రకారం 1.23 వోల్టులు కావాలి. అందుకు పట్టే వేడిని కూడా కరెంటు నుంచే రాబట్టాలంటే 1.48 వోల్టులు. కర్మాగారాల్లో మాత్రం ఒక్కో సెల్‌కు సుమారు 1.8 నుంచి 2 వోల్టులు ఇవ్వాల్సి వస్తుంది. తేడాలో కొంత ద్రావణం నిరోధానికి, కొంత రెండు వాయువులు కలవకుండా మధ్యలో పెట్టే పొరకు పోతుంది. మిగిలింది ఎలక్ట్రోడ్ల మీద చర్యల బద్ధకానికి పోతుంది, అందులోనూ ఎక్కువ పాపం ఆక్సిజన్ వైపుదే. హైడ్రోజన్ అణువుకు రెండు ఎలక్ట్రాన్లు చాలు. ఆక్సిజన్ అణువు తయారవ్వాలంటే నాలుగు ఎలక్ట్రాన్లు ఒకదాని తర్వాత ఒకటి కదలాలి, మధ్యలో ఆక్సిజన్‌కూ ఆక్సిజన్‌కూ బంధం కుదరాలి. ఈ మెట్లు సులువుగా ఎక్కించేదే మంచి ఉత్ప్రేరకం.

సెల్‌కు ఇచ్చే ప్రతి వోల్టుకూ కిలో హైడ్రోజన్‌కు దాదాపు 26.6 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. ఇది ఫారడే నియమం, ఎవరి బేరానికీ లొంగదు. 1.9 వోల్టుల దగ్గర నడిచే సెల్‌లో కిలోకు 50 యూనిట్లు దాటుతుంది. ఇప్పుడు ఉత్ప్రేరకం మెరుగై సెల్ వోల్టేజీ 0.1 తగ్గిందనుకోండి. కిలోకు 2.66 యూనిట్లు మిగులుతాయి. 1,500 టన్నులంటే 15 లక్షల కిలోలు, అంటే రోజుకు దాదాపు 40 లక్షల యూనిట్లు. యూనిట్ నాలుగు రూపాయలు అనుకుంటే రోజుకు కోటీ అరవై లక్షలు, ఏడాదికి 580 కోట్ల పైచిలుకు. 2023 జనవరిలో కేంద్రం ఆమోదించిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ మొత్తం 19,744 కోట్లలో పరిశోధనకు కేటాయించింది 400 కోట్లు. ఒక్క పూడిమడకలో, పూర్తి సామర్థ్యంతో నడిచే ఒక్క ఏడాదిలో, ఒక వోల్టులో పదో వంతు ఆదా చేస్తే దేశం మొత్తం పరిశోధన పద్దు తీరిపోయి ఇంకా మిగులుతుంది.

అతిశయోక్తి అనిపించకుండా ఒక మాట ముందే చెప్పాలి. ఉత్ప్రేరకం ఒక్కటే హైడ్రోజన్‌ను చవక చేయదు. ధరలో పెద్ద వాటా కరెంటుది, తర్వాత యంత్రాలది, ఆ యంత్రాలు రోజుకు ఎన్ని గంటలు నడుస్తాయన్నది. కానీ కరెంటు ధర మీరు తగ్గించగలిగినంత వరకే తగ్గుతుంది. ఎన్ని యూనిట్లు పడుతుందన్నది మాత్రం ఎలక్ట్రోడ్ తేలుస్తుంది. అది ఎన్నేళ్లు అలాగే ఉంటుందన్నది కూడా.

ఇక ప్రయోగశాలలోకి రండి. నికెల్ ఫోమ్ అని దొరుకుతుంది, ఒంటినిండా రంధ్రాలున్న వెండి రంగు లోహపు రేకు. దాన్ని వేలెడంత ముక్క కత్తిరించి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి పైనున్న ఆక్సైడ్ పోగొట్టి కడుగుతాం. నికెల్ నైట్రేట్, ఐరన్ నైట్రేట్, కాస్త యూరియా కలిపిన నీళ్లలో ఆ ముక్కను వేసి, ఆటోక్లేవ్ అనే స్టీలు పాత్రలో గట్టిగా బిగించి, 120 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఉంచుతాం. తెల్లారి తీస్తే ఆ ముక్క పసుపు కలిసిన గోధుమ రంగులోకి మారి ఉంటుంది. పొరలు పొరలుగా పేరుకున్న నికెల్ ఇనుప హైడ్రాక్సైడ్ అది. క్షార ద్రావణంలో ఆక్సిజన్ విడుదలకు ఇప్పటిదాకా తెలిసిన మేటి పదార్థాల్లో ఒకటి. ప్లాటినం లేదు, ఇరిడియం లేదు, వాడిందంతా మామూలు రసాయనాల దుకాణంలో దొరికేదే.

దీని వెనక ఒక తమాషా ఉంది. చాలా కాలం నికెల్ ఒక్కటే మంచి ఉత్ప్రేరకమని నమ్మారు. ఇనుము లేశమాత్రంగా చేరినా ఆక్సిజన్ సులువుగా విడుదలవుతుందని 1987లో డెన్నిస్ కొరిగన్ చూపించారు. 2014లో అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయ బృందం ఇంకో అడుగు వేసి, నికెల్‌కు వచ్చిన పేరులో చాలా భాగం ద్రావణంలో దొంగతనంగా చేరిన ఇనుముదేనని తేల్చింది. మనం కొనే పొటాషియం హైడ్రాక్సైడ్‌లో కాస్త ఇనుము ఎప్పుడూ ఉంటుంది. నికెల్ దాన్ని మెల్లమెల్లగా పీల్చుకుంటుంది. పైగా క్షారం గాజును కూడా తింటుంది, గాజు నుంచి ఇంకా కొన్ని మలినాలు దిగుతాయి. అందుకే ఇప్పుడు శ్రద్ధ ఉన్న ప్రయోగశాలలు క్షారాన్ని ముందుగా నికెల్ హైడ్రాక్సైడ్‌తో శుద్ధి చేసి, ప్లాస్టిక్ సెల్లులో ప్రయోగం చేస్తాయి. మా గదిలో ఇంకో శత్రువు సముద్రపు గాలి. ఎలక్ట్రోడ్‌కు తీగ తగిలించే మొసలి క్లిప్పులు కొన్న కొద్ది రోజులకే పచ్చగా చిలుం పడతాయి. ఆ చిలుం రాగిది. దాని రేణువు ద్రావణంలో పడినా, క్లిప్పు దగ్గర నిరోధం పెరిగినా కొలతలో మీకు కనిపించే గీత ఉత్ప్రేరకానిది కాదు. ఎదుటి ఎలక్ట్రోడ్‌గా ప్లాటినం తీగ పెడితే మరో చిక్కు, అది కొంచెం కొంచెం కరిగి మన ముక్క మీద చేరి దానికి లేని ఘనత తెచ్చిపెడుతుంది. ప్లాటినం వాడని ఉత్ప్రేరకం ప్లాటినంతో సమానంగా పనిచేసిందని చెప్పే పత్రం చూస్తే నేను మొట్టమొదట వెతికేది ఎదుటి ఎలక్ట్రోడ్ ఏమిటన్నదే.

ఇవన్నీ మాలో మేము చర్చించుకునే విషయాలు. మీ దాకా తేవాల్సింది దీని తర్వాతది.

ప్రయోగశాలలో మేము కొలిచేది సాధారణంగా చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీ ఆంపియర్ల దగ్గర. గది ఉష్ణోగ్రతలో, లీటరుకు ఒక మోల్ గాఢత ఉన్న క్షారంలో, కొన్ని పదుల గంటలు. కర్మాగారంలో మామూలు క్షార ఎలక్ట్రోలైజర్ అదే విస్తీర్ణం మీద 200 నుంచి 400 మిల్లీ ఆంపియర్ల దగ్గర నడుస్తుంది, కొత్త రకాలు ఇంకా ఎక్కువ దగ్గర. అక్కడ వేడి 70, 80 డిగ్రీలు, క్షారం దాదాపు 30 శాతం. నడవాల్సిన కాలం 60,000 గంటలు, అంతకు పైన. ఇరవై నాలుగు గంటలు బాగుందని రాసి కర్మాగారానికి పనికొస్తుందని చెప్పడం, చెరువులో తెప్ప నడిపినవాణ్ని పూడిమడక రేవు నుంచి వేటకు పంపడం లాంటిది. గాఢ క్షారంలో, ఆ వేడిలో ఇనుము నెమ్మదిగా కరిగి జారిపోతుంది. పైపూత ఊడి బుడగలతోపాటు కొట్టుకుపోతుంది. ఇది ఎన్నో గంటకు మొదలవుతుంది, ఏ పూతకు తక్కువ, ఏ తయారీ పద్ధతిలో ఎక్కువ అన్నది నడిపి చూస్తే తప్ప తెలియదు.

నడపడం కన్నా ఆపడం ఇంకా ప్రమాదం. అందరికంటే ముందు మీకు తెలియాల్సింది ఇదే, ఎందుకంటే మీరు తెచ్చేది సౌర విద్యుత్తు, గాలి విద్యుత్తు. ఎలక్ట్రోలైజర్‌లో సెల్లులు వరసగా పేర్చి ఉంటాయి, అన్నిటికీ క్షారం ఒకే గొట్టాల నుంచి వస్తుంది. కరెంటు ఆగిన మరుక్షణం ఆ పేర్పు తనంతట తాను బ్యాటరీగా మారుతుంది. ఆక్సిజన్ వచ్చే ఆనోడ్‌లో, హైడ్రోజన్ వచ్చే కాథోడ్‌లో నిలవ ఉన్న ఆవేశం ఉమ్మడి క్షారం గుండా వెనక్కి ప్రవహిస్తుంది. అప్పటిదాకా హైడ్రోజన్ ఇస్తూ లోహంగా ఉన్న నికెల్ కాథోడ్ ఆక్సీకరణకు గురవుతుంది. పొద్దున కరెంటు వస్తే మళ్లీ లోహంగా మారుతుంది. సాయంత్రం మళ్లీ ఇదే తంతు. రోజూ ఇలా ఉబ్బుతూ కుదించుకుంటూ ఉంటే పూత ఎన్నాళ్లు నిలుస్తుంది? నిలకడగా నడిపినప్పుడు ఏళ్ల తరబడి మన్నే ఎలక్ట్రోడ్, రోజూ ఆపి నడిపితే ఎంత త్వరగా అరిగిపోతుందన్నది పదార్థాన్ని బట్టి మారుతుంది. ఆపినప్పుడు కూడా కాస్త రక్షణ కరెంటు ఇచ్చి కాపాడవచ్చు, దానికీ ఖర్చు ఉంది. మబ్బు పట్టిన రోజు ఇంకో తలనొప్పి. కరెంటు బాగా తగ్గితే ఆక్సిజన్ ఉత్పత్తి తగ్గుతుంది, కానీ పొర గుండా అటువైపు జారే హైడ్రోజన్ అంతగా తగ్గదు. ఆక్సిజన్‌లో హైడ్రోజన్ 4 శాతం దాకా చేరితే అది మండే మిశ్రమం. అందుకే దానికి చాలా ముందే, దాదాపు 2 శాతం దగ్గరే యంత్రాన్ని ఆపేస్తారు. ఆపితే మళ్లీ వెనక్కి నడిచే కరెంటు.

అనంతపురంలో మబ్బు పడితే పూడిమడకలో కాథోడ్ అరుగుతుంది. నీటిని పైకి ఎత్తి కరెంటును దాచుకునే పంప్డ్ స్టోరేజీతో, గాలి విద్యుత్తుతో కలిపి ఈ ఒడుదొడుకులను తగ్గించవచ్చు, పూర్తిగా తుడిచేయలేం. మన రాష్ట్రపు ఎండ తీరుకూ గాలి తీరుకూ ఏ ఎలక్ట్రోడ్ ఎంత ఓర్చుకుంటుందో ఇక్కడే కొలవాలి. వేరే దేశపు వాతావరణం మీద వేసిన లెక్క మనకు అరువుగా కూడా పనికిరాదు.

మరి మీరెందుకు కొలవలేదని మమ్మల్ని అడగండి. న్యాయమైన ప్రశ్న. వెయ్యి గంటలంటే దాదాపు 42 రోజులు. చాలా విశ్వవిద్యాలయ ప్రయోగశాలల్లో, మా దగ్గరా, ఎలక్ట్రోడ్‌కు ఇచ్చే వోల్టేజీని, కరెంటును అదుపు చేసి కొలిచే పొటెన్షియోస్టాట్ ఒక్కదాని ముందు ఐదారుగురు పరిశోధక విద్యార్థులు వంతులు వేసుకుని కూర్చుంటారు. ఒకరు తన ముక్కను 42 రోజులు నడిపిస్తే మిగిలినవారు అన్నాళ్లూ చేతులు కట్టుకోవాలి. ఫెలోషిప్ గడువు ఎవరి కోసమూ ఆగదు. నడుస్తూండగా కరెంటు పోయిందా, ఆ ప్రయోగం అక్కడితో సరి. ఇది ఒక్కరి బద్ధకం కాదు, వ్యవస్థ అలా అమరింది. ఉద్యోగాలకూ పదోన్నతులకూ అడిగేది పత్రాల సంఖ్యే. కొత్త పదార్థానికి పత్రం వస్తుంది. పాత పదార్థం మూడు వేల గంటల తర్వాత ఎలా చచ్చిందో చెబితే వచ్చేది చప్పరింపు. అందుకే మన దేశంలో, ఆ మాటకొస్తే ప్రపంచమంతటా, ఏటా పుట్టే ఉత్ప్రేరకాలు కుప్పలు తెప్పలు, కర్మాగారం గడప తొక్కేవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని. బాగా చదివిన పిల్లలు పీహెచ్‌డీ అవగానే కొరియాకో జర్మనీకో వెళ్తున్నారంటే అక్కడ జీతమొక్కటే కారణం కాదు. అక్కడ పరీక్ష నడుపుతూ ఇంటికి వెళ్లి నిద్రపోవచ్చు.

కుప్పలో నుంచి ఒకటి కర్మాగారానికి చేరితే ఎంత మార్పు వస్తుందో చెప్పే ఉదాహరణ మన రంగంలోనే ఉంది. ఉప్పునీటి నుంచి క్లోరిన్, కాస్టిక్ సోడా తీసే ఫ్యాక్టరీలు ఒకప్పుడు గ్రాఫైట్ ఆనోడ్‌లు వాడేవి. అవి అరిగిపోతూ ఉండేవి, ఎలక్ట్రోడ్ల మధ్య దూరం పెరిగేకొద్దీ కరెంటు బిల్లు పెరిగేది. 1960ల్లో హెన్రీ బీర్ టైటానియం రేకు మీద రుథీనియం ఆక్సైడ్ పూత వేశారు. ఇటలీకి చెందిన డె నోరా సంస్థ దాన్ని ఫ్యాక్టరీల దాకా తెచ్చింది. కొద్ది కాలంలోనే ఆ పరిశ్రమ తీరే మారిపోయింది. ఎన్నేళ్లయినా ఆకారం మారని ఆనోడ్ అని దానికి పేరు. పూత అరిగితే రేకు పారేయరు, మళ్లీ పూత వేయించుకుంటారు. ఆ పూత వేసే పని ఒక వ్యాపారంగా నిలబడింది. పూడిమడకలో కొన్ని గిగావాట్ల ఎలక్ట్రోలైజర్లు వస్తే, పదేళ్లకో పన్నెండేళ్లకో ఎలక్ట్రోడ్లకు కొత్త పూత కావాలి. ఆ రేకులను ఓడల్లో ఎక్కించి పంపుతామా, అచ్యుతాపురం సెజ్‌లోనే పూత వేయించుకుంటామా అన్నది అప్పుడు తేలేది కాదు. పరీక్షించి నమ్మకం కుదరడానికే ఏళ్లు పడుతుంది కాబట్టి ఇప్పుడే తేలాలి.

విశాఖకు ఇది తెలియని విద్య అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మింది దగ్గర 1977లో మొదలై 2012లో మూతపడిన జింక్ స్మెల్టర్‌లో జరిగింది విద్యుద్విశ్లేషణే. సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కాథోడ్ మీద జింకు పేరుకుంటుంటే, ఎదురుగా ఉన్న సీసపు ఆనోడ్ మీద విడుదలయ్యేది ఆక్సిజన్. అంటే నేను గదిలో చిన్న ముక్క మీద తంటాలు పడుతున్న చర్యే ఈ ఊళ్లో టన్నుల లెక్కన దశాబ్దాల పాటు జరిగింది. అలాంటి ట్యాంకుల దగ్గర పనిచేసినవారికి ఆనోడ్ మీద పేరుకునే నల్లటి మాంగనీస్ మడ్డి తెలుసు, షార్ట్ అయిన సెల్‌ను వేడిని బట్టి పట్టుకోవడం తెలుసు. వారిలో చాలామంది ఇప్పుడు రిటైరై గాజువాక చుట్టుపక్కలే ఉంటారు. వారి అనుభవం మా పాఠ్యపుస్తకాల్లో లేదు. షెడ్డు మొదలయ్యాక తొలి శిక్షణ వారి చేతే ఇప్పించమని నా సలహా.

హైడ్రోజన్ వాడకం కూడా ఇక్కడికి కొత్త కాదు. హెచ్‌పీసీఎల్ రిఫైనరీ సామర్థ్యాన్ని ఏడాదికి 83.3 లక్షల టన్నుల నుంచి కోటీ యాభై లక్షల టన్నులకు పెంచే విస్తరణ చేపట్టారు. డీజిల్‌లో గంధకం తీయాలంటే రిఫైనరీకి హైడ్రోజన్ కావాలి. సహజ వాయువు నుంచి తీసే హైడ్రోజన్ కిలోకు 9, 10 కిలోల కార్బన్ డయాక్సైడ్‌ను వెంట తెస్తుంది. స్టీలు ప్లాంటు ఉంది, ఎరువుల ఫ్యాక్టరీ ఉంది. తీసే చోటు, వాడే చోటు, చదువు చెప్పే చోటు ఇన్ని ఒక్క దగ్గర ఉన్న ఊళ్లు దేశంలో ఎక్కువ లేవు. టి.ఆర్. శేషాద్రి 1930ల్లో, 40ల్లో వాల్తేరులో కూర్చుని పత్తి పూల రంగు పదార్థాల మీద చేసిన పరిశోధన ప్రపంచం దృష్టికి వెళ్లింది. ఆయన చుట్టూ దొరికే పూలనే పట్టుకున్నారు. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం నూరేళ్లకు చేరిన ఈ రోజుల్లో మన చుట్టూ దొరకబోయేది హైడ్రోజన్.

సముద్రపు నీటి సంగతి కూడా తేల్చేస్తాను, ఎందుకంటే ఈ ఊరి పేరు చెప్పగానే అందరూ అదే అడుగుతారు. ఉప్పునీటిని నేరుగా విడగొట్టే ఉత్ప్రేరకం దొరికిందన్న వార్తలు తరచూ వస్తుంటాయి. శాస్త్రంగా ఆసక్తికరమే. ఉప్పునీటిలో ఆనోడ్ మీద ఆక్సిజన్‌తోపాటు క్లోరిన్ కూడా వస్తానంటుంది, దాన్ని రాకుండా ఆపడం మంచి సవాలు. కానీ డబ్బు ఆదా చేయడానికి మాత్రం ఆ దారి పట్టనక్కరలేదు. కిలో హైడ్రోజన్‌కు దాదాపు 9 లీటర్ల నీరు చాలు. 1,500 టన్నులకు రోజుకు ఒక కోటీ 35 లక్షల లీటర్లు. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చడానికి వెయ్యి లీటర్లకు 3, 4 యూనిట్లు పడుతుంది. మొత్తం కలిపితే రోజుకు 54 వేల యూనిట్లు దాటదు. హైడ్రోజన్ తీయడానికి పట్టేది ఏడున్నర కోట్ల యూనిట్లు. వెయ్యింట ఒక వంతు కూడా లేని ఖర్చు తప్పించుకోవడానికి ఎలక్ట్రోడ్లను క్లోరిన్‌కు అప్పగించడం తెలివైన పని కాదు. మిగిలిపోయే చిక్కటి ఉప్పునీటిని ఎక్కడ వదులుతారన్నది వేరే ప్రశ్న, దానికి పూడిమడక మత్స్యకారులకు మీరు నేరుగా జవాబు చెప్పాలి.

ఇరిడియం గురించి రెండు మాటలు. ఆమ్ల పొరతో పనిచేసే ఎలక్ట్రోలైజర్లు ఒడుదొడుకులను బాగా తట్టుకుంటాయి, అందుకని వాటి వైపు మొగ్గు ఉంటుంది. వాటి ఆనోడ్‌కు ఇరిడియం కావాలి. ప్రపంచం మొత్తం ఏడాదికి తవ్వేది సుమారు 7, 8 టన్నులు, అందులో అత్యధిక భాగం దక్షిణాఫ్రికాది. నేటి పద్ధతుల్లో గిగావాట్‌కు కొన్ని వందల కిలోలు పడుతుంది. పెద్ద హబ్‌ను దాని మీద ఆధారపెట్టడం ఎంత సాహసమో మీరే లెక్క వేసుకోండి. నికెల్, ఇనుము మీద పరిశోధనకు ఇంత పట్టుదల అందుకే.

ఇక షెడ్డు సంగతి. కొత్త భవనం వద్దు, శిలాఫలకం అసలే వద్దు. ఏ సంస్థ ఆవరణలోనైనా ఖాళీగా ఉన్న వర్క్‌షాపు చాలు. పైకప్పు ఎత్తుగా ఉండి గాలి బాగా ఆడాలి, హైడ్రోజన్ సెన్సర్లు ఉండాలి. 2020 మే 7 తెల్లవారుజామున స్టైరిన్ వాయువు ఏం చేసిందో చూసిన ఊరు ఇది, భద్రత విషయంలో సర్దుకుపోమని ఎవరినీ అడగను. సెల్లులు నడపడానికి ఖరీదైన పొటెన్షియోస్టాట్లు అక్కరలేదు, నిలకడగా కరెంటు ఇచ్చే డీసీ సప్లైలు ఎక్కువ సంఖ్యలో కావాలి. వేడి క్షారాన్ని తిప్పే పంపులు, వాయువుల శుద్ధి చూసే గ్యాస్ క్రొమటోగ్రాఫ్, క్షారంలో కరిగిన లోహాన్ని వందకోట్ల వంతుల్లో కొలిచే పరికరం ఒకటి, అన్నిటికీ వెనక బ్యాటరీ. సగం సెల్లులకు నిలకడ కరెంటు, మిగతా సగానికి అనంతపురం, కర్నూలు సౌర ప్లాంట్ల అసలు ఉత్పత్తి రేఖ. ఆ రేఖల సమాచారం మీ దగ్గరే ఉంది, అది ఇవ్వడానికి మీకు రూపాయి ఖర్చు కాదు.

ఎవరైనా ఎలక్ట్రోడ్ పంపవచ్చు. విశ్వవిద్యాలయాలు, సబ్బవరం దగ్గరి పెట్రోలియం, ఇంధన సంస్థ, చిన్న పరిశ్రమలు, పొరుగు రాష్ట్రాల ప్రయోగశాలలు, ఎలక్ట్రోలైజర్ అమ్మే కంపెనీలు కూడా. పంపినవారి పేరు తీసేసి నంబరు వేసి నడపాలి. ప్రతి విడతలో పక్కన ఏ పూతా లేని నికెల్ రేకు ఒకటి తప్పకుండా నడవాలి, దాన్ని మించలేనివి చాలా ఉంటాయని నా అనుమానం. మూడు నెలలకోసారి ఫలితాలు బయటపెట్టాలి, విఫలమైనవి ముందుగా. నడిపేది అనకాపల్లి జిల్లా పాలిటెక్నిక్, ఐటీఐ పిల్లలు కావచ్చు. హబ్ మొదలయ్యేనాటికి క్షారంతో, హైడ్రోజన్‌తో చేయి తిరిగిన వాళ్లు మీకు ఊళ్లోనే దొరుకుతారు. పరీక్షా సదుపాయాల కోసం జాతీయ మిషన్ కింద 2024లో 200 కోట్ల పథకం ప్రకటించారు. అది ప్రధానంగా ప్రమాణాలకు, ధ్రువీకరణకు ఉద్దేశించింది. తయారైన యంత్రానికి సర్టిఫికెట్ ఇవ్వడం ఒక పని, ఇంకా తయారీ దశలో ఉన్న ఎలక్ట్రోడ్‌కు పరీక్ష పెట్టడం ఇంకో పని. రెండోదాన్ని మన రాష్ట్రం తలకెత్తుకోవచ్చు.

యంత్రాలకు కంపెనీలు గ్యారంటీ ఇస్తాయి కదా, మనకెందుకీ తలనొప్పి అంటారేమో. గ్యారంటీ పత్రం ఒకసారి చదవండి. రోజుకు ఎన్నిసార్లు ఆపవచ్చు, కనీస లోడు ఎంత, నీటి శుద్ధి ఎంత అని షరతులు ఉంటాయి. షరతు దాటితే హామీ ఉండదు. దాటామో లేదో, దాటితే ఎంత నష్టమో చెప్పగలిగే స్వతంత్ర నిపుణులు మీ వైపు ఒక్కరైనా ఉండాలి. అమ్మేవారి లెక్కను కొనేవారు అమ్మేవారినే అడిగి సరిచూసుకోవడం ఏ సంతలోనూ చూడం.

మీ నుంచి నాకు కావాల్సింది ఒక జవాబు. పూడిమడక హబ్ ప్రణాళికలో గానీ, 2024 సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానం కింద గానీ ఎలక్ట్రోడ్ల దీర్ఘకాల పరీక్షకు పద్దు ఉందా? ఉంటే ఏ శాఖ కింద, ఎవరి బాధ్యతలో? లేకపోతే ఎవరికి ప్రతిపాదన ఇవ్వాలో చెప్పండి. సెల్ నమూనా డ్రాయింగులు, సామగ్రి జాబితా, భద్రతా నియమావళి ముసాయిదా నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. పిలిస్తే అమరావతికైనా వస్తాను, మీరే విశాఖ వస్తే పచ్చబడిన క్లిప్పులతో సహా ప్రయోగశాల చూపిస్తాను.

భవదీయురాలు,
ఒక రసాయన శాస్త్ర అధ్యాపకురాలు,
విశాఖపట్నం.